వరద తర్వాత సరంగు: స్టార్‌కామ్ గేమ్‌లు రెండింట్లో ఉన్న విద్య

గోదావరిలో ఎర్రనీళ్లు తగ్గి, రేవుల్లో మెట్లు మళ్లీ బయటపడ్డాక, పడవ నడిపేవాళ్లకు కొన్నాళ్లు పాత అలవాటు పనికిరాదు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు నిరుడు వెళ్లిన దారి ఈ ఏడు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. లోతున్న చోట ఇసుక మేట వేస్తుంది. మేట ఉన్నచోట నీళ్లు కోసుకుపోయి మడుగు పడుతుంది. సరంగు తలలో ఉన్న పాత దారిని పక్కనపెట్టి నీళ్లను మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి. రంగు ఎక్కడ మారింది, అల ఎక్కడ ఊరికే చిట్లుతోంది, గెడ వేస్తే నేల ఎంత లోతులో తగిలింది, ఇవన్నీ చూసుకుంటూ పోవాలి. నిరుటి దారి పోయినా దారి పట్టుకునే విద్య మాత్రం చేతిలోనే ఉంటుంది.

అంతరిక్షంలో తిరిగే ఒక గేమ్ గురించి, దాని సీక్వెల్ గురించి చెప్పడానికి రేవు దగ్గర మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కానీ స్టార్‌కామ్: నెక్సస్, స్టార్‌కామ్: అన్‌నోన్ స్పేస్ అనే ఈ రెండు ఆటల్లో అసలు సరుకు ఆ సరంగు విద్యే. మొదటి ఆటలో కష్టపడి తెలుసుకున్న చోట్లు, రహస్యాలు రెండో ఆటలో దాదాపు అక్కరకు రావు. తెలుసుకునే తీరు మాత్రం వస్తుంది. సీక్వెల్ అంటే అదే హీరోకి ఇంకా పెద్ద తుపాకీ ఇవ్వడమే అనే పద్ధతి బాగా పాతుకుపోయిన రంగంలో ఇది ఎలా నడిచిందో, ఎక్కడ తడబడిందో చూడాల్సిన విషయం.

ముందు వివరాలు. ఈ రెండు ఆటలనూ తయారుచేసింది అమెరికాకు చెందిన కెవిన్ మెక్‌గ్రాత్ అనే డెవలపర్. డబ్ల్యూఎక్స్‌త్రీ ల్యాబ్స్ పేరుతో, ప్రధానంగా ఒక్క మనిషి నడిపే స్టూడియో అది. నెక్సస్ 2018 డిసెంబరులో, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి, ఆడేవాళ్ల మాట వింటూ పూర్తిచేసే పద్ధతి. ఏడాది తిరిగేసరికి, 2019 డిసెంబరులో, పూర్తి రూపం వచ్చింది. అన్‌నోన్ స్పేస్ 2022 డిసెంబరులో అలాగే ఎర్లీ యాక్సెస్‌తో మొదలై 2024లో పూర్తయింది. నెక్సస్‌కి ముందు ఇదే పేరుతో మెక్‌గ్రాత్ చేసిన చిన్న ఫ్లాష్ గేమ్ ఒకటుంది. నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి బ్రౌజర్‌లో ఫ్లాష్ ఆటలు ఆడిన తరం డెల్టా పట్టణాల్లోనూ ఉంది, వాళ్లకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరుతో అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. ఆ చిన్న ఆటల్లో చాలావాటి ఆనవాలు లేకుండా పోయింది. వాటిలో ఒకటి ఇలా పెద్ద ఆటగా మళ్లీ పుట్టడం సంతోషించాల్సిన సంగతి.

ఆట ఇలా ఉంటుంది. నౌకను పైనుంచి చూస్తాం, గోదారి వంతెన మీద నిలబడి కింద పోతున్న పడవను చూసినట్టు. నౌక ఒకే బల్లపరుపు తలంలో తిరుగుతుంది. నక్షత్రాల మధ్య ప్రయాణం చేసి, ఒక గ్రహం దగ్గరకు వెళ్లి స్కాన్ చేస్తే అక్కడ ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. మనుషుల్ని దింపాలా, దూరం నుంచే చూసి వెళ్లిపోవాలా అని ఆట అడుగుతుంది. ఏం జరిగిందో నాలుగైదు వాక్యాల్లో చదువుతాం. కొన్నిసార్లు పరిశోధనకు పనికొచ్చే సమాచారం దొరుకుతుంది, కొన్నిసార్లు సిబ్బంది ప్రాణాలు పోతాయి. దారిలో రకరకాల గ్రహాంతర జాతులు ఎదురవుతాయి. కొందరితో మాట కలుస్తుంది, కొందరితో పోరాటమే. గెలిస్తే వాళ్ల నౌకల శిథిలాల నుంచి ముడిసరుకు ఏరుకోవచ్చు. దానితో సొంత నౌకను పెంచుకోవచ్చు.

దీన్ని యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. రోల్ ప్లేయింగ్ గేమ్ అనగానే కత్తి పట్టిన వీరుడు, అతని బలం, తెలివి, వేగం అనే అంకెలు పెరగడం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ వీరుడి స్థానంలో ఉన్నది నౌక. పెరిగేదీ, దెబ్బతినేదీ, రూపు మారేదీ నౌకే. దాని ఒళ్లు తేనెపట్టు గదుల్లా ఆరు పలకల ముక్కలతో తయారవుతుంది. ఇంజిన్ ఒక ముక్క, విద్యుత్తు ఇచ్చే రియాక్టర్ ఒక ముక్క, ఆయుధాలు, కవచం, సిబ్బంది ఉండే గదులు తలో ముక్క. వాటిని ఒకదాని పక్కన ఒకటి అంటించుకుంటూ పోవాలి.

ఈ ముక్కల పని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఆటలో సగం ఆనందం ఇక్కడే ఉంది. మొదట్లో అందరూ చేసే తప్పు ఒకటుంది, చేతిలో ఉన్న సరుకంతా ఆయుధాల మీద పెట్టేయడం. నౌక చూడ్డానికి భయంకరంగా తయారవుతుంది. బయటికి తీసుకెళ్తే కదలదు. ప్రతి ముక్కకీ బరువుంది. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, ముక్కు తిప్పడం మందగిస్తుంది. సరే అని ఇంజిన్లు పెంచితే వాటికి చోటు కావాలి. ఆయుధాలు ఎక్కువైతే రియాక్టర్ ఇచ్చే కరెంటు చాలదు. ఇంకో రియాక్టర్ పెడితే మళ్లీ బరువు. ఇలా ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది. లంకల నుంచి కొబ్బరికాయలు పడవకెత్తే కూలీలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కాయలన్నీ ముందుభాగంలో పోస్తే ముక్కు దిగబడుతుంది, ఒక పక్కకు పోస్తే పడవ ఒరుగుతుంది, మరీ నిండా పోస్తే అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడు కూడా మిగలదు. అక్కడ సరుకు సర్దే మనిషి చూసేది కాయల లెక్క ఒక్కటే కాదు, పడవ అవతలి ఒడ్డుకు ఎలా చేరుతుందో కూడా చూస్తాడు. ఆటలోనూ రెండు మూడుసార్లు ఓడిపోయాకగానీ ఆ చూపు రాదు. వచ్చాక మాత్రం నౌక ఎడిటర్‌లో గంటలు గంటలు గడిచిపోతాయి. తన చేత్తో కట్టుకున్న నౌక కాబట్టి అది దెబ్బతింటే కలిగే టెన్షన్ వేరు.

పోరాటం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. శత్రువు తుపాకీ గురిపెట్టిన వైపు నుంచి తప్పుకుని పక్కకు చేరి కొట్టడం, గుంపుగా వస్తే విడదీసి కొట్టడం, ఇంతే. మొదటి కొన్ని గంటలు హుషారుగా ఉంటుంది. నౌక బాగా పెరిగాక చిన్నాచితకా శత్రువులతో గొడవ విసుగు పుట్టిస్తుంది. ముడిసరుకు కోసం తిరిగిన చోటే తిరగాల్సిన ఘట్టాలూ ఉన్నాయి. రెండు ఆటల్లోనూ ఉన్న లోపం ఇది, సీక్వెల్‌లో ఆయుధాల రకాలు పెంచినంత మాత్రాన పూర్తిగా తీరలేదు.

ఈ ఆటల వంశం తెలిస్తే వాటి ఉద్దేశం ఇంకా బాగా అర్థమవుతుంది. అంతరిక్ష అన్వేషణ ఆటల్లో మొదటినుంచీ రెండు దారులున్నాయి. ఒకటి విస్తీర్ణం దారి. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ కలిసి చేసిన ఎలీట్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 గ్రహ వ్యవస్థలు ఉండేవి. కేవలం 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో అంత ప్రపంచాన్ని ఇరికించడం ఎలా? దాచిపెట్టలేదు, లెక్కతో పుట్టించారు. ఒక చిన్న అంకె నుంచి సూత్రం ప్రకారం గ్రహం పేరు, దాని తీరు ఎప్పటికప్పుడు తయారయ్యేవి. అదే దారిలో 2016లో హలో గేమ్స్ వాళ్ల నో మ్యాన్స్ స్కై వచ్చింది. అందులో గ్రహాల సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,616. రెండును 64 సార్లు గుణించుకుంటూ పోతే వచ్చే అంకె అది. అన్నిటినీ ఎవరూ చూడలేరు. కొన్ని పదుల గ్రహాలు చూశాక తర్వాతిదాంట్లో ఏముంటుందో మనసు ముందే ఊహించేస్తుంది కూడా.

రెండోది చేత్తో రాసిన ప్రపంచం దారి. 1986లో వచ్చిన స్టార్‌ఫ్లైట్‌లో 270 నక్షత్ర వ్యవస్థలు, 800 గ్రహాలు ఉన్నాయి. గ్రహాలను పుట్టించింది లెక్కే అయినా వాటి మధ్య ఒక పెద్ద రహస్యాన్ని, ఆ రహస్యం వైపు నడిపే ఆధారాలను మనుషులు కూర్చొని అల్లారు. 1992లో పాల్ రైకీ, ఫ్రెడ్ ఫోర్డ్‌ల స్టార్ కంట్రోల్ 2 ఈ పద్ధతిని శిఖరానికి తీసుకెళ్లింది. అందులో జాతుల మాటతీరే వేరువేరుగా ఉంటుంది. ఒక జాతి భయస్తులు, ఒక జాతి వ్యాపారులు, సమాచారాన్ని కూడా అమ్ముతారు. ఎవరో ఎక్కడో మాటవరసకు అన్న సంగతి పది గంటల తర్వాత ఇంకో మూల తాళంచెవి అవుతుంది. ఆడేవాళ్లు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని నక్షత్రాల అంకెలు రాసుకునేవారు. దాని సోర్స్ కోడ్‌ను, అంటే ఆట ప్రోగ్రామ్ అసలు రాతను, 2002లో విడుదల చేయడంతో ది అర్-క్వాన్ మాస్టర్స్ పేరుతో ఇప్పటికీ ఉచితంగా ఆడుకోవచ్చు. స్టార్‌కామ్ ఆడిన పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఇదే. పైనుంచి చూసే నౌక, మాటకారి జాతులు, చెదిరిపడి ఉన్న ఆధారాలు, అన్నీ ఆ ఇంటివే.

విస్తీర్ణానికీ చేతిరాతకీ తేడా డెల్టా మనుషులకు ఒక మాటలో చెప్పొచ్చు. మ్యాప్ మీద కోనసీమ చిన్న త్రిభుజం. గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు, కింద సముద్రం. మధ్యలో వైనతేయ. మోటార్‌సైకిల్ మీద పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి ఈ చివరి నుంచి ఆ చివరికి పోవచ్చు. అయినా ఆ త్రిభుజంలో ఏ కాలువ ఎక్కడ చీలుతుందో, ఏ లంకకు ఏ నెలలో నడిచి పోవచ్చో, ఏ ఉప్పుటేరులో పోటు ఎంతసేపు ఉంటుందో తెలుసుకోవడానికి ఒక జన్మ చాలదు. చోటు చిన్నదే, కానీ ప్రతి మలుపుకీ ఒక కథ, ఒక కారణం ఉన్నాయి. ఒక్క మనిషి చేసిన ఆట విస్తీర్ణంలో పెద్ద స్టూడియోలతో పోటీపడలేదు. మలుపు మలుపుకీ ఏదో ఒకటి రాసి పెట్టడంలో పోటీపడగలదు. స్టార్‌కామ్ ఎంచుకున్నది ఆ దారి.

ఇక అసలు విషయం, ఆధారాలు అందించే తీరు. ఇప్పటి పెద్ద ఆటల్లో ఎక్కువ వాటిలో చేయాల్సిన పని దగ్గర ఒక బాణం గుర్తో, మెరిసే చుక్కో ఉంటుంది. దాన్ని చూస్తూ పోతే చాలు. దారిలో ఏముందో చూడక్కర్లేదు. ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని తెలియని ఊరికి పోయినట్టు. ఊరు చేరతాం గానీ, మర్నాడు ఫోన్ లేకుండా వెళ్లమంటే వెళ్లలేం. దీనికి ఎదురుగా, ఏటిగట్టు మీద ఎవరినైనా దారి అడగండి. "ఆయ్, ఇలా గట్టంటా ఎల్లిపోండి. రెండో లాకు దగ్గర కాలవ చీలుద్దండి, సన్నకాలవ పక్కన పట్టుకోండి. రాయిచెట్టు దాటాకా ఎవర్నడిగినా సెప్తారండి" అంటారు. ఈ జవాబు అందుకున్న మనిషి కళ్లు తెరుచుకుని నడవాలి. లాకులు లెక్కపెట్టాలి. సన్నకాలువ ఏదో పోల్చుకోవాలి. రాయిచెట్టు అంటే రావిచెట్టేనని గ్రహించాలి. చివర్లో ఇంకో మనిషితో మాట్లాడాలి. చేరేసరికి ఆ దారి అతనిదైపోతుంది.

స్టార్‌కామ్ ఆటలు ఎక్కువగా ఈ రెండో పద్ధతిలో మాట్లాడతాయి. ఫలానా రంగు నక్షత్రానికి అవతల, ఫలానా జాతి సరిహద్దు దగ్గర ఇలాంటిదేదో ఉందని విన్నాం అంటారు. ఆటగాడు మ్యాప్ తెరిచి ఆ మాటను చోటుతో జతచేసుకోవాలి. అయితే 1992 నాటి ఆటలా అన్నీ ఆటగాడి నోట్‌బుక్‌కి వదిలేయలేదు. విన్న సంగతులు లాగ్‌లో నమోదై ఉంటాయి. పది రోజులు ఆట ముట్టకుండా మళ్లీ వచ్చినా తెగిన దారాన్ని పట్టుకోవచ్చు. పరీక్షలూ పనులూ మధ్యలో వచ్చే మనిషికి ఇది పెద్ద ఉపకారం. లాగ్ ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి అన్నది కత్తిమీద సాము. ఎక్కువ చెబితే అది బాణం గుర్తే అయిపోతుంది. తక్కువ చెబితే ఆటగాడు విసిగి యూట్యూబ్‌లో జవాబు వెతుక్కుంటాడు. మొత్తంమీద ఈ తూకం బాగానే కుదిరింది. చిక్కుకుపోయే చోట్లు రెండింట్లోనూ ఉన్నాయి, వాటికి పరిష్కారం చాలాసార్లు అంతకుముందు చదివి దాటేసిన వాక్యంలోనే ఉంటుంది.

తెలుసుకున్నదే ఆయుధంగా నడిచే ఆటకు ఒక సహజమైన చిక్కుంది, అది ఒక్కసారే ఆడగల ఆట. కత్తియుద్ధం ఆటను పదిసార్లు ఆడొచ్చు, చెయ్యి ఇంకా ఆరితేరుతుంది. రహస్యం ఒకసారి తెలిశాక తెలియనట్టు ఉండలేం. దీనికి స్టార్‌ఫ్లైట్‌లో ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. ఆ రోజుల్లో ఆట ఫ్లాపీ డిస్కుల మీద వచ్చేది. ఆడుతున్నకొద్దీ ఆట అదే డిస్కు మీద మార్పులు రాసుకుంటూ పోయేది. అందుకే కొన్న డిస్కులను నేరుగా ఆడకుండా ముందు వాటికి నకలు తీసుకుని, ఆ నకలు మీద ఆడుకోమనేవారు. అసలు డిస్కు మీదే ఆడేస్తే మొదటి రోజు ప్రపంచం మళ్లీ దొరకదు. ఇప్పుడు డిస్కులు లేవు. ఆ మార్పు రాసుకునేది ఆడినవాడి బుర్ర, దానికి నకలు తీసుకోలేం.

కాబట్టి ఇలాంటి ఆటకు సీక్వెల్ చేయడం మామూలు సీక్వెల్ కంటే కష్టం. పాత మ్యాప్‌నే పెంచి ఇస్తే, మొదటి ఆట ఆడినవాళ్లకు సగం తెలిసిన సంగతే. పాత జాతులనే ముందుపెడితే వాళ్ల గుట్టు ముందే తెలుసు. పూర్తిగా కొత్తది ఇస్తే పాత అభిమానులకు తాము ప్రేమించిన చోటు పోయిందన్న బాధ. అన్‌నోన్ స్పేస్ పేరులోనే తన పక్షం చెప్పేసింది, తెలియని చోటు. మొదటి ఆట ఆడనివాళ్లు కూడా సూటిగా మొదలుపెట్టవచ్చు. నౌక మళ్లీ చిన్నదే. పరిశోధన మళ్లీ మొదటి మెట్టు నుంచే. ఆరు పలకల ముక్కలు, స్కాన్ చేయడం, మనుషుల్ని దింపి ఏమవుతుందో చదవడం, మాటల్లో దాగిన ఆధారాలు మాత్రం అవే.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చింది. అంత వరద తర్వాత లంకల రూపమే మారిపోతుంది. అడ్డదారి అనుకున్నది మడుగైపోతుంది, పశువులు మేసిన దిబ్బ నదిలో కలిసిపోతుంది. చిన్న వరద వచ్చినా ఎంతో కొంత మార్పు తప్పదు. అందుకే అక్కడ మంచి సరంగు అనిపించుకునేవాడు పాత దారిని పట్టుకుని వేలాడడు. నీళ్లు మెల్లగా తిరుగుతున్నాయంటే కింద ఏదో ఉందని తెలుసు, ఆ తెలివి మాత్రం ఏ వరదకీ కొట్టుకుపోదు. అన్‌నోన్ స్పేస్ మొదలుపెట్టిన నెక్సస్ ఆటగాడి పరిస్థితీ ఇదే. ఏ గ్రహంలో ఏముందో అతనికి తెలియదు. కానీ ఒక జాతి మరీ మర్యాదగా మాట్లాడుతోందంటే ఏదో దాస్తోందని అనుమానించడం తెలుసు. ఒకే రకం శిథిలాలు రెండుచోట్ల కనిపిస్తే వాటి మధ్య గీత గీసి చూడటం తెలుసు. మనుషుల్ని దింపే ముందు ఇంకోసారి స్కాన్ చేయడం తెలుసు. కొత్త ఆటగాడికంటే అతను ముందుండేది ఈ మేరకే. ఈ ముందుండటం న్యాయమైనదని చెప్పాలి. నౌకను బలంగా పెట్టి మొదలుపెట్టనిస్తే అది తరగని ఆస్తి అయ్యేది, ఆట చప్పబడేది.

మళ్లీ చిన్న నౌకతో మొదలవడం అందరికీ నచ్చలేదన్నది నిజమే. అంత కష్టపడి కట్టిన నౌక ఏమైందన్న ప్రశ్న సహజం. కథలో దానికి కారణం చెప్పినా మనసు వెంటనే ఒప్పుకోదు, మొదటి రెండు గంటలు కొంచెం చేతులు కట్టేసినట్టు ఉంటుంది. పైగా సాధనాలు, ముక్కల రకాలు మొదటి ఆటకు దగ్గరగా ఉండటంతో ఇది సీక్వెలా లేక అదే ఆటకు కొత్త భాగమా అన్న సందేహం కూడా వస్తుంది. వైభవం కోసం చూసేవాళ్లకు ఆ సందేహం తీరకపోవచ్చు. చిక్కుముడుల కోసం చూసేవాళ్లకు మాత్రం రెండో ఆటే ఎక్కువ. అందులో ఒక సంగతికీ ఇంకో సంగతికీ మధ్య అల్లిక బిగువుగా ఉంది, తప్పు ఊహించినప్పుడు కూడా ఆట ఏదో ఒకటి చెబుతుంది.

ఎర్లీ యాక్సెస్ పద్ధతి ఈ రకం ఆటకు ఎంత ప్రమాదమో ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2013లో స్టీమ్ దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచి ఒంటరి డెవలపర్లకు ఇది ఊపిరి. తయారీ మధ్యలోనే కొంత డబ్బు వస్తుంది, తప్పులు చెప్పే మనుషులు దొరుకుతారు. స్టీమ్‌లో ఆట పెట్టడానికి కట్టేది 100 డాలర్లే. అమ్మకాల్లో వాటా కింద మామూలుగా 30 శాతం పోతుంది. మిగిలినదానితో ఒక మనిషి రెండేళ్లు బతుకుతూ ఆట పూర్తిచేయాలంటే ముందే అమ్మక తప్పదు. కానీ రహస్యాల ఆటను సగంలో అమ్మితే, అందరికంటే ఎక్కువ ప్రేమించి మొదటిరోజే కొన్నవాళ్లే ఆ రహస్యాలను సగం సగంగా తినేస్తారు. కథ మధ్యలో ఆగిపోతుంది. మిగతా భాగం వచ్చేసరికి ముందు విన్నది మర్చిపోతారు. మార్పులు చేస్తే వాళ్ల పాత ఆట చెడిపోయే ప్రమాదం ఉంది. పులసను ఎర్రనీళ్లకు ముందే పట్టి వండినట్టు, చేప అదే అయినా రుచి రాదు.

నెక్సస్ ఆ దశలో ఒక్క ఏడాదే ఉంది. అన్‌నోన్ స్పేస్ ఏడాదిన్నరకు పైగా ఉంది. ఇంత ప్రమాదం ఉన్నా రెండుసార్లూ అదే దారి పట్టడానికి కారణం డబ్బొక్కటే అనుకోవడం సరికాదు. మాటల్లో దాచిన ఆధారం ఎదుటివాడికి తడుతుందో తట్టదో రాసినవాడికి ఎప్పటికీ తెలియదు. తనకు జవాబు తెలుసు కాబట్టి ప్రతి ఆధారమూ తేలికగానే కనిపిస్తుంది. గట్టు మీద దారి చెప్పే మనిషికి "సన్నకాలవ" ఏదో స్పష్టమే, వినేవాడికే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా తెలియాలంటే దారి తెలియని మనుషులు కావాలి, పదులు కాదు వందల్లో కావాలి. మొదట కొన్నవాళ్లు తమ మొదటి ఆటను త్యాగం చేసి తర్వాతివాళ్లకు దారి సరిచేశారని చెప్పినా తప్పులేదు. స్టీమ్‌లో రెండు ఆటలకూ రివ్యూలు ఎక్కువగా అనుకూలంగానే ఉన్నాయంటే అందులో ఆ మొదటి గుంపు వాటా పెద్దది.

డెల్టాలో ఆడాలనుకునేవాళ్లకు రెండు మూడు సంగతులు. ఇవి ఒంటరిగా ఆడే ఆటలు. ఒకసారి దింపుకున్నాక నెట్ వేగంతో పనిలేదు. తుపాను రోజుల్లో నెట్ గంటల తరబడి పోయినా, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపు నడుస్తుంది. స్టీమ్ 2015లో ధరలను రూపాయల్లో పెట్టడం మొదలుపెట్టాక డాలర్ కార్డుల గొడవ లేదు. పండగ సేల్స్‌లో మొదటి ఆట ధర బాగా తగ్గుతుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. కానీ ఈ ఆట రుచి తెలియడానికి ఆ రెండు గంటలు సరిగ్గా సరిపోతాయి, అంతకంటే తొందరగా తేల్చేయకూడదు. కొత్తగా ఆడేవాళ్లు నెక్సస్‌తో మొదలుపెట్టడమే మంచిది. రెండోది ముందు ఆడితే మొదటిదానిలో సౌకర్యాలు తక్కువగా అనిపిస్తాయి.

ఒకటే పెద్ద అడ్డంకి భాష. రెండు ఆటల్లోనూ తెలుగు లేదు. కాల్చుకునే ఆటకు భాష అక్కర్లేదు గానీ ఇది చదివే ఆట. ఒక్క వాక్యం తప్పుగా అర్థం చేసుకుంటే దారి తప్పుతుంది. డిగ్రీ చదివే పిల్లలు కూడా డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఇలాంటి ఆటను తెలుగులోకి తెస్తే ఎలా ఉండేదన్నది ఊరికే ఊహ కాదు, ఎందుకంటే ఇందులో ప్రపంచమంతా మాటలతోనే కట్టారు. ఒక జాతి కాకినాడ రేవు వ్యాపారిలా మాట్లాడవచ్చు, ఇంకో జాతి ప్రతి మాటకీ ముందు "ఆయ్" అనవచ్చు. ఏ యాసలో మాట్లాడితే ఎవరిని నమ్మాలో వినేవాడికి అప్పుడే ఒక ఊహ మొదలవుతుంది. అలాంటి ఆట చేయడానికి వందమంది అక్కర్లేదని ఈ రెండు ఆటలూ చూపించాయి. నెక్సస్‌ను కట్టడానికి వాడిన యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లకు ఉచితమే. భీమవరంలోనో అమలాపురంలోనో ఇంజినీరింగ్ హాస్టల్ గదిలో ఆరు పలకల ముక్కలు అంటించే ఒక చిన్న నమూనా చేయడానికి ఒక సెమిస్టర్ సెలవులు చాలు. కష్టమంతా ఆ తర్వాత, ప్రతి గ్రహానికీ నాలుగు వాక్యాలు రాసే దగ్గర మొదలవుతుంది.

ఆ వాక్యాల్లో పదే పదే వచ్చే మాట ఒకటుంది, అనామలీ. స్కాన్ చేసిన ప్రతిచోటా అదే కనిపిస్తుంది. పుస్తకాల తెలుగులో దీన్ని అసంగతం అనో, క్రమరాహిత్యం అనో రాస్తారు. ఆ రెండు మాటలు చదివితే ఎవరికీ నౌక ఆపాలనిపించదు. గౌతమి నడిమధ్యలో ఇంజిన్ వేగం తగ్గించి, కళ్లు చిట్లించి, గెడ చేతిలోకి తీసుకునే ముందు సరంగు అనే మాట వేరు. "ఆగండాగండి, ఇక్కడ నీళ్లు తేడాగా ఉన్నాయండీ."